సహోద్యోగి పోయాక ల్యాబులో మిగిలిన పని: నా అనుభవం

మా సహోద్యోగి, ఒక శాస్త్రవేత్త, పోయారన్న కబురు తెల్లవారుజామున వచ్చింది. తొమ్మిదింటికల్లా ఇన్‌స్టిట్యూట్‌లో వాళ్ళంతా రావులపాలెం మీదుగా కోనసీమలోని ఆవిడ ఊరికి బయల్దేరారు. ఇద్దరం వెనక ఉండిపోయాం. ఆవిడ మూడు రోజుల కిందట మొదలుపెట్టిన సిమ్యులేషన్, అంటే మెదడు కణాల పనిని కంప్యూటర్‌లో అనుకరించే లెక్క, సర్వర్ మీద ఇంకా నడుస్తోంది. గదిలో కంప్యూటర్ తెర మీద ఏడు విండోలు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి.

మెదడు పరిశోధననీ కంప్యూటర్ గణననీ కలిపి చేసే చిన్న ఇన్‌స్టిట్యూట్ మాది. ఒక శాస్త్రవేత్త హఠాత్తుగా పోతే ఆ పనిని ఎలా కాపాడాలో చెప్పే కాగితం ఒక్కటీ మా దగ్గర లేదు. అంతా ఒక కొలిక్కి వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఏ వరసలో చేశామో, ఎక్కడ తప్పు చేశామో, అది తప్పెందుకయిందో చెబితే ఇంకో ల్యాబుకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి రోజు చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. కంప్యూటర్ ఆపకూడదు, లాగౌట్ చేయకూడదు. సేవ్ చేయని ఫైళ్ళు ఆ విండోల్లో ఉండొచ్చు. సిమ్యులేషన్ ఫలితాల్లో కొంత భాగం ఇంకా మెమరీలోనే ఉండి డిస్క్ మీదకి చేరకపోవచ్చు. తెరని ఫొటో తీశాం. ఏ ప్రోగ్రాములు ఎప్పటినుంచి నడుస్తున్నాయో అడ్మిన్ ఖాతా నుంచి జాబితా తీసి, టైము వేసి, ఇద్దరం సంతకాలు పెట్టాం. కీబోర్డు మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించాం. యూపీఎస్ ఇరవై నిమిషాలకి మించి ఆగదు. అది ఆగస్టు, గోదావరి పోటు మీద ఉంది, కరెంటు రోజుకి రెండు మూడుసార్లు పోతోంది. అందుకని ఆ గది యూపీఎస్‌ని జనరేటర్ లైనుకి కలిపించాం. సిమ్యులేషన్‌ని మధ్యలో ఆపకుండా దాని మానాన దాన్ని పూర్తికానిచ్చాం. ఇంకో నలభై గంటలు పట్టింది.

ఆ సాయంత్రమే రిజిస్ట్రార్‌కీ కంప్యూటర్ సెంటర్‌కీ ఉత్తరం ఇచ్చాం: "ఖాతాలు స్తంభింపజేయండి, తొలగించకండి." సిబ్బంది జాబితాలోంచి పేరు తీయగానే మెయిలూ సర్వర్ ఖాతా వాటంతట అవే పోయే ఏర్పాటు చాలా చోట్ల ఉంటుంది. ఇందులోనే మా మొదటి తప్పు జరిగింది. పెద్ద సర్వర్లలో స్క్రాచ్ అనే తాత్కాలిక నిల్వ ఉంటుంది. కొన్ని వారాలు ఎవరూ ముట్టుకోని ఫైళ్ళని అది తనంతట తనే చెరిపేస్తుంది. ఉత్తరంలో స్క్రాచ్ మాట రాయలేదు. రెండు పాత సిమ్యులేషన్ల మధ్యంతర ఫలితాలు అలా పోయాయి. సిమ్యులేషన్ కాబట్టి మళ్ళీ నడిపించుకోగలిగాం. మనిషి తల మీద తీసిన రికార్డింగ్ పోతే మళ్ళీ రాదు.

ఇంటివాళ్ళతో మాట్లాడేది ఒక్కరే అయ్యుండాలి. మాలో చిన్నవాళ్ళం ఆవిణ్ణి అక్కయ్యగారనేవాళ్ళం. ఆ వరసన భర్తగారు మాకు బావగారు. పెద్దకర్మ అయ్యేదాకా ఆయన దగ్గర ల్యాబు మాట ఎత్తకూడదనుకున్నాం, ఒక్కటి తప్ప: "బావగారూ, అక్కయ్యగారి సిమ్ మాత్రం తీయించెయ్యకండి. కొన్నాళ్ళు రీఛార్జ్ చేయించి ఉంచండి." పరిశోధన పత్రికల పోర్టళ్ళకీ, సొంత క్లౌడ్ నిల్వకీ, బ్యాంకుకీ కావాల్సిన ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. వాడకం ఆగిపోతే నంబరు రద్దయి, కొన్నాళ్ళకి ఎవరో తెలియనివాళ్ళకి వెళ్ళిపోతుంది. అయితే సిమ్ బతికున్నంత మాత్రాన ఆవిడ పేరుతో లాగిన్ అయ్యే హక్కు మనకి రాదు. డ్రాయర్‌లో పాస్‌వర్డులు రాసిన కాగితం దొరికింది. దాన్ని కవర్లో పెట్టి అంటించి బావగారికి అప్పజెప్పాం. సంస్థ ఖాతాల్ని అడ్మిన్ ద్వారా, రాతపూర్వక అనుమతితో తెరిచాం. సొంత ఖాతాల సంగతి ఇంటివాళ్ళే మరణ ధ్రువపత్రం జతచేసి ఆయా కంపెనీలకి రాసుకున్నారు. ఆ పత్రం గురించి ఒక మాట: 1969 చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. అదీ మరణం జరిగిన చోట, సొంత ఊళ్ళో కాదు. ఆవిడ పోయింది కాకినాడ ఆస్పత్రిలో, ఇంటివాళ్ళు ముందు వాకబు చేసింది ఊళ్ళో పంచాయతీలో. నాలుగు రోజులు అలా పోయాయి. పత్రం వచ్చాక పది కాపీలు తీయించి పెట్టుకుంటే మంచిది.

డిస్కులు

గది తాళం తీసింది పెద్దకర్మ అయిన మర్నాడు, ముగ్గురం కలిసి. ముగ్గురిలో ఒకరు ఇన్‌స్టిట్యూట్‌కి బయటివారు. ఏ వస్తువు ఎక్కడుందో కదిలించకముందే ఫొటోలు తీశాం. లెక్క తేలింది: 14 హార్డ్ డిస్కులు, 2 ల్యాప్‌టాపులు, 6 పెన్‌డ్రైవులు, 31 నోట్‌బుక్కులు. ఇంటి ఫొటోలు, సొంత కాగితాలు కనబడగానే చదవకుండా పక్కన పెట్టేశాం.

డిస్క్‌ని మామూలుగా కంప్యూటర్‌కి తగిలిస్తే చాలు, ఆపరేటింగ్ సిస్టమ్ దాని మీద తన సొంత ఫైళ్ళు రాసేస్తుంది. యాంటీవైరస్ పాత ప్రోగ్రాముల్ని వైరస్ అనుకుని తీసేస్తుంది. తేదీలు మారితే ఏది ముందు రాసిందో ఏది తర్వాతదో చెప్పే సాక్ష్యం పోతుంది. అందుకని రైట్ బ్లాకర్ అనే చిన్న పెట్టె మధ్యలో పెట్టి, చదవడానికి మాత్రమే వీలయ్యేలా తగిలించాం. ముందు డిస్క్ మొత్తానికి బిట్ బిట్‌గా ఇమేజ్, అంటే అచ్చమైన నకలు, తీశాం. ఆ తర్వాత ప్రతి ఫైలుకీ షా-256 చెక్‌సమ్ కట్టాం. అది ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య, లోపల ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. పని చేసిందంతా కాపీ మీదే. మూడు కాపీలు: ఒకటి మా సర్వర్ మీద, ఒకటి బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో, ఒకటి హైదరాబాద్‌లో. తుఫాను వస్తే కాకినాడలో ఉన్నదీ అమలాపురంలో ఉన్నదీ ఒకే రోజు పోగలవు కాబట్టి మూడోది డెల్టా దాటి ఉండాల్సిందే.

సముద్రానికి దగ్గర ఊళ్ళలో ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుము పడతాయి. రెండు డిస్కులు టిక్కు టిక్కుమన్నాయి. అలాంటప్పుడు ఆపి ఆపి మళ్ళీ పెట్టి చూడడం ప్రాణాంతకం, డిస్క్ లోపల చదివే హెడ్ అక్కడ తిరిగే పళ్ళేన్ని గీకేస్తుంది. మొదటి టిక్కుకే తీసేసి నిపుణుల దగ్గరికి పంపాం. ఒకటి పూర్తిగా వచ్చింది, రెండోది సగమే.

రికార్డింగులు

ఆవిడ పదేళ్ళుగా లంక గ్రామాల్లో శిబిరాలు పెట్టి పెద్దవయసు వాళ్ళ ఈఈజీ, అంటే తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తుని నమోదు చేసే రికార్డింగ్, తీశారు. 212 మంది, ఒక్కొక్కరికి 20 నిమిషాలు, 32 ఎలక్ట్రోడ్ల టోపీ, సెకనుకి 500 నమూనాలు, నమూనాకి 2 బైట్లు. గుణిస్తే సెకనుకి 32,000 బైట్లు, నిమిషానికి 1.92 ఎంబీ, ఒక మనిషికి 38.4 ఎంబీ. మొత్తం 8.1 జీబీ రావాలి. మాకు దొరికింది 23 జీబీ. కాపీల మీద కాపీలు ఉన్నాయి. పేర్లు చూసి ఏది అసలో తేల్చబోతే "చివరి", "చివరి కొత్త", "ఇదే చివరి" అన్నీ కనిపిస్తాయి. చెక్‌సమ్ ఒకటే ఉన్నవి ఒకటే ఫైలు అని తేల్చుకున్నాం. సైజు లెక్క ఇంకోదానికీ పనికొచ్చింది. 21 ఎంబీ ఉన్న ఫైలు తెరవకముందే చెప్పొచ్చు, రికార్డింగ్ దాదాపు 11 నిమిషాల దగ్గర తెగిపోయిందని. అలాంటివి ఐదు తేలాయి.

ఈఈజీని దాచే బ్రెయిన్‌విజన్ ఫార్మాట్‌లో ఒక రికార్డింగ్ అంటే మూడు ఫైళ్ళు: వివరాలుండే హెడర్, ఎప్పుడేం జరిగిందో చెప్పే మార్కర్లు, డేటా. హెడర్ లోపల మిగతా రెండింటి పేర్లు అక్షరాలా రాసి ఉంటాయి. ఒక విద్యార్థి మంచి మనసుతోనే ఫోల్డర్ సర్దుతూ నలభై ఫైళ్ళకి పేర్లు మార్చాడు. వెంటనే ఒక్కటీ తెరుచుకోలేదు. పని కాపీ మీద కాబట్టి వెనక్కి వెళ్ళగలిగాం. పేరు మార్చాలంటే మూడింటినీ, లోపలి రాతనీ కలిపి మార్చాలి. మేం చివరికి అన్నిటినీ బిడ్స్ అనే, ఫైళ్ళని ఒకే తీరున అమర్చే పద్ధతిలోకి తెచ్చాం. 2016లో మెదడు చిత్రాల కోసం వచ్చిన ఆ పద్ధతి 2019లో ఈఈజీకీ విస్తరించింది. ఒక్కో మనిషికి ఒక్కో ఫోల్డరు, ఛానెళ్ళకో (ఒక్కో ఎలక్ట్రోడ్ గీత ఒక్కో ఛానెల్) పట్టిక, సంఘటనలకో పట్టిక.

పాత రికార్డింగులు కొన్ని ఇడిఎఫ్ అనే ఇంకో ఫార్మాట్‌లో ఉన్నాయి. ఆ హెడర్‌లో 80 అక్షరాలు రోగి వివరాలకే కేటాయించి ఉంటాయి. ఫైలు పేరులో సంఖ్య మాత్రమే ఉన్నా లోపల మనిషి పేరు అలాగే ఉండిపోతుంది. మేం చూసిన వాటిలో 38 ఫైళ్ళలో ఉంది. పేరు తీసేసినంత మాత్రాన అయిపోలేదు. "93 ఏళ్ళు, పడవ నడిపేవారు, ఫలానా లంక" అని పట్టికలో ఉంటే ఆ ఊళ్ళో ఎవరైనా చెప్పేస్తారు ఆయనెవరో. వయసుని ఐదేళ్ళ శ్రేణిగా మార్చాం, ఊరి పేరు పంచుకునే కాపీలోంచి తీసేశాం. ఏ సంఖ్య ఎవరిదో చెప్పే పేర్ల పట్టిక వేరే గదిలో, వేరే మనిషి దగ్గర ఉంది.

ఛానెళ్ళ వరస సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష ఒకటుంది. కళ్ళు మూసుకుంటే 8 నుంచి 13 హెర్ట్జ్, అంటే సెకనుకి అన్నిసార్లు ఊగే ఆల్ఫా తరంగాలు తల వెనక భాగంలో, ఓ1, ఓ2 అనే ఎలక్ట్రోడ్ల దగ్గర బలంగా రావాలి. కనురెప్ప కొట్టిన గుర్తు నుదుటి మీది ఎలక్ట్రోడ్లలో పెద్దగా పడాలి. 17 రికార్డింగుల్లో రెప్ప వెనక్కీ, ఆల్ఫా ముందుకీ వచ్చాయి. టోపీకి ఉన్న రెండు 16 తీగల కనెక్టర్లు ఆ శిబిరంలో తారుమారయ్యాయి. అసలు ఫైళ్ళని దిద్దలేదు. దిద్దుబాటుని పక్క పట్టికలో, తేదీతో, ఎవరు ఎందుకు చేశారో రాసి పెట్టాం. ఆవిడ చేసింది ఏదో మేం చేసింది ఏదో రేపు చూసేవాళ్ళకి విడివిడిగా కనబడాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడలేదు.

నోట్‌బుక్కులు

ఆవిడ రాత పొదుపు. ఒక్కో రికార్డింగ్ ఎదురుగా "నూ", "చె", "మో" అని అక్షరాలు. ఇవి విప్పకపోతే డేటా సగం మూగదే.

"నూ" త్వరగానే తేలింది. ఆ అక్షరం ఉన్న చోటల్లా ఇంపెడెన్స్, అంటే ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య కరెంటుకి అడ్డు, 5 కిలో ఓమ్‌ల హద్దు దాటి 30, 40 దాకా పోయింది. అది కొబ్బరినూనె. కోనసీమలో తలకి నూనె రాసుకోకుండా గడప దాటే పెద్దవాళ్ళు తక్కువ. నూనె పొర మీద ఎలక్ట్రోడ్ కింద పూసే జెల్ నిలవదు. ముందురోజు రాత్రి షాంపూతో తలంటుకుని రమ్మని ఆశా కార్యకర్తల చేత చెప్పించడం ఆవిడ ఐదో శిబిరం నుంచి మొదలుపెట్టారని, ఆ తర్వాత "నూ" అరుదైపోవడాన్ని బట్టి తెలిసింది.

"చె" అంటే చెమట. ఏప్రిల్, మే రికార్డింగుల్లోనే ఉంది. చెమట పడితే అర హెర్ట్జ్ కన్నా నెమ్మదైన అలలు గీతని పైకీ కిందికీ మోసుకుపోతాయి. తల మీద చెమట ఉప్పునీరే కాబట్టి పక్క పక్క ఎలక్ట్రోడ్లని కలిపేస్తుంది కూడా. అప్పుడు రెండు ఛానెళ్ళు ఒకే గీత గీస్తాయి. మొదటిది ఫిల్టర్‌తో పోతుంది, రెండోది పోదు. ఆ ఛానెళ్ళని వదులుకోవాల్సిందే.

"మో"ని మేం మొదట ఎవరో మనిషి పేరు మొదటి అక్షరం అనుకున్నాం. ఏ వేగపు అల ఎంత ఉందో చూపే స్పెక్ట్రమ్ గీసి చూస్తే ఆ రికార్డింగులన్నిటిలో 50 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక మేకు, 100 దగ్గర, 150 దగ్గర చిన్న మేకులు. మోటారు. ఇళ్ళ పక్క రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. యాంప్లిఫయర్ బ్యాటరీ మీద నడిచినా గోడలోని వైరింగు, మనిషి ఒళ్ళు, ఎలక్ట్రోడ్ తీగలు ఆ కరెంటుని పట్టుకుంటాయి. ఇంపెడెన్స్ ఎక్కువున్న చోట ఇంకా ఎక్కువ పట్టుకుంటాయి. అందుకే "నూ", "మో" పక్కపక్కన ఉన్న రికార్డింగులు అన్నిట్లోకీ అధ్వానం.

పుస్తకాల్ని 300 డీపీఐలో స్కాన్ చేశాం. తేమకి అంటుకున్న పేజీల్ని ఎండలో పెట్టలేదు, సిరా పోతుంది. నీడలో, ఫ్యాను కింద, మధ్య మధ్య తెల్ల కాగితం పెట్టి వారం ఆరబెట్టాం. థర్మల్ కాగితం మీది ప్రింట్లు ఏటికేడాదీ వెలిసిపోతాయి కాబట్టి వాటిని అన్నిటికన్నా ముందు స్కాన్ చేయాలి.

సిమ్యులేషన్లు

ఆవిడ న్యూరాన్ అనే సిమ్యులేటర్ వాడేవారు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో స్క్విడ్ నాడీతంతువు మీద రాసిన సమీకరణాల నుంచి పెరిగిన సంప్రదాయం అది. కోడ్ దొరికింది, కంపైల్ అయింది, నడిచింది. ఫలితం మాత్రం ఆవిడ పటాలకి దగ్గర్లో కూడా లేదు. కణాలన్నీ మందకొడిగా, నిద్రలో ఉన్నట్టు స్పందించాయి. రెండు వారాలు వెతికాం. ఉష్ణోగ్రత నిర్ణయించే చిన్న సెటప్ ఫైలు వేరే డిస్క్‌లో ఉండిపోయింది. ఏమీ చెప్పకపోతే ఆ సిమ్యులేటర్ 6.3 డిగ్రీల సెల్సియస్ తీసుకుంటుంది, అది ఆనాటి స్క్విడ్ ప్రయోగాల ఉష్ణోగ్రత. ఆవిడ వాడింది 36. ప్రతి పది డిగ్రీలకీ అయాన్ ద్వారాలు (కణం పొరలో కరెంటుని పంపే దారులు) తెరుచుకుని మూసుకునే వేగం మూడు రెట్లవుతుందని ఆ మోడల్‌లో ఉంది. 29.7 డిగ్రీల తేడాకి సుమారు 26 రెట్లు. ఫైలు పెట్టగానే పటాలు దగ్గరకొచ్చాయి.

దగ్గరకే, అచ్చంగా కాదు. ఒకే కోడ్, ఒకే ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యల వరస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకె) అయినా ప్రాసెసర్ల సంఖ్య మారితే కూడికల వరస మారొచ్చు, చివరి దశాంశ స్థానంలో తేడా రావొచ్చు. ఒకదాన్నొకటి ఉత్తేజపరిచే కణాల జాలంలో ఆ తేడా క్షణాల్లో పెరుగుతుంది. అందుకని ఏ కణం ఏ మిల్లీసెకనులో స్పందించిందో పోల్చి లాభం లేదు. సగటు స్పందన రేటు, స్పందనల మధ్య ఎడం ఎంత అస్థిరంగా ఉందన్న కొలత, వీటిని పోల్చాలి. అవి సరిపోయాకే "ఇది ఆవిడ మోడలే" అని సంతకం పెట్టాం. పైథాన్, లైబ్రరీల వెర్షన్లు అన్నీ ఒక ఫైల్లో బిగించి పక్కన పెట్టాం.

అనుమతులు, విద్యార్థులు, పేపర్లు

ప్రధాన పరిశోధకురాలు మారితే నైతిక కమిటీకి చెప్పి, అనుమతి వచ్చేదాకా కొత్త మనిషి మీద రికార్డింగ్ తీయకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చేతిలో పెట్టుకుని ఉత్తరం రాశాం. గ్రామాలకి మేమే వెళ్ళాం. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టినవాళ్ళకి, "మేడమ్ గారు లేరు, మీ రికార్డింగ్ ఇకనుంచి ఫలానావారి బాధ్యత, వద్దనుకుంటే ఇప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు" అని తెలుగులో చదివి వినిపించాం. ముగ్గురు తీసుకున్నారు. ఆ మూడూ అన్ని కాపీల్లోంచీ తీసేశాం, హైదరాబాద్ కాపీలోంచి కూడా. చాలామంది ఆవిడ గురించే అడిగారు. ఆ సమయం కూడా లెక్కలో వేసుకుని వెళ్ళాలి. రోజుకి నాలుగిళ్ళకి మించి అవ్వదు.

ఐదుగురు పరిశోధక విద్యార్థులకి ముందు కావాల్సింది సంతకం. ఫెలోషిప్ బిల్లు మీద గైడ్ సంతకం లేకపోతే ఆ నెల డబ్బు రాదు. అందుకే కొత్త గైడ్ తేలేలోగా తాత్కాలిక సంతకానికి ఉత్తర్వు మొదటి వారంలోనే తీసుకోవాలి. మేం రెండో నెలలో తీసుకున్నాం, ఇద్దరు పిల్లలు హాస్టల్ ఫీజుకి అప్పు చేశారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మందికి మించకూడదు కాబట్టి ఖాళీ ఎవరి దగ్గరుందో ముందే చూసుకోవాలి.

సగంలో ఉన్న పేపర్లలో ఆవిడ పేరు వరస మార్చలేదు. పేరు పక్కన బాకు గుర్తు (†) వేసి, మరణించారని అడుగున రాశాం. ఆవిడ పోయాక చేసిన విశ్లేషణలు ఏవో విడిగా చెప్పాం. "రచయితలందరూ తుది ప్రతిని ఆమోదించారు" అన్న వాక్యం ఆవిడ విషయంలో నిజం కాదు కాబట్టి సంపాదకులకి ఉత్తరం రాసి ఆ వాక్యం మార్పించాం.

ఆవిడ సొంత ఫైలు

రికార్డింగుల్లో 000 అనే సంఖ్య తొమ్మిదిసార్లు వచ్చింది. కొత్త టోపీ వచ్చిన ప్రతిసారీ ఆవిడ ముందు తన తల మీదే పరీక్షించేవారు. తొమ్మిదింటికీ సమ్మతి పత్రాలు కూడా పెట్టారు, తనే రాసి, తనే సంతకం చేసి. వాటిని ఎవరూ విశ్లేషించకూడదనుకున్నాం. బావగారినీ వాళ్ళ అమ్మాయినీ పిలిచి, చూడాలనుకుంటేనే చూపిస్తామన్నాం. చూశారు. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు గీతలు చిన్నగా, ఒక పద్ధతి లేకుండా పోతున్నాయి. కళ్ళు మూసుకున్న గుర్తు దాటిన సెకనులోపే వెనక ఎలక్ట్రోడ్లలో 10 హెర్ట్జ్ అలలు బారులు తీరాయి. "ఇక్కడ కళ్ళు మూసుకున్నారు" అని చెప్పాం. అమ్మాయి అంతవరకు మళ్ళీ పెట్టమంది. ఆ తొమ్మిదింటినీ మిగతా డేటాతో కలపలేదు. ఒక కాపీ ఇంటికిచ్చాం, ఒకటి వాళ్ళ అనుమతి లేకుండా తెరవని ఫోల్డర్లో ఉంది.

సంతాప సభ వాళ్ళు చెప్పిన తేదీకే పెట్టాం. రెండు నిమిషాల మౌనం, ఆవిడ ఏం కనిపెట్టడానికి ప్రయత్నించారో తెలుగులో ఇరవై నిమిషాలు, ఆ తర్వాత లంకల నుంచి వచ్చినవాళ్ళు మాట్లాడారు. వాళ్ళకోసం వ్యాను ఏర్పాటు చేయడం మరవకూడదు, సాయంత్రం రేవు దాటే పడవ వేళకి సభ ముగించాలి.

నోట్‌బుక్కుల్లో ఇంకొక అక్షరం ఉంది, "గు". పదకొండు చోట్ల వస్తుంది. గుండెచప్పుడు రికార్డింగ్‌లో పడిందనుకున్నాం, ఆ పదకొండింటిలో నాలుగింట్లో దాని జాడే లేదు. గురువారం అనుకున్నాం, తేదీలు కుదరలేదు. ఊహతో పూరించకుండా పట్టికలో "అర్థం తేలలేదు" అని రాసి, పేజీ స్కాన్ పక్కన జతచేశాం.